అమ్మ వేలిముద్రలూ మాంట్రియల్ ప్రయాణమూ

నాకు ముక్కు మీద కోపం. మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు, మా ఆయన్ని అడిగినా చెబుతారు. కోపంలో అన్న మాటలు చాలావరకు నేనే మర్చిపోతాను, ఎదుటివాళ్ళూ మర్చిపోతారు. మొన్న జులైలో మా అమ్మతో అన్న మాట ఒకటి మాత్రం ఇంట్లో ఎవరం మర్చిపోలేదు. మాంట్రియల్ ప్రయాణం గురించి రాద్దామని కూర్చుంటే మంచు ఊహలోకి రావడం లేదు, విమానం ఊహలోకి రావడం లేదు, ఆ మాటే గుర్తొస్తోంది.

మా చెల్లి మాంట్రియల్లో ఉంటోంది. పేరుకి కెనడాయే గానీ ఆ ఊళ్ళో బడి, బస్సు, బజారు అంతా ఫ్రెంచే. ముసలివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో దాని పని. వెళ్ళి ఆరేళ్ళు దాటింది. అక్కడ స్థిరంగా ఉండిపోవడానికి పెట్టుకున్న కాయితాలు ఇంకా తేలలేదు. అవి తేలేలోగా దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదోనని దాని భయం. అందుకని ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఆ కాయితాలు తేలాలంటే ఫ్రెంచిలో పరీక్ష పాసవ్వాలట. పగలంతా ముసలమ్మలకి స్నానాలు చేయించి, సాయంత్రం పిల్లని చంకనేసుకుని ఫ్రెంచి క్లాసుకి వెళ్తుంది. పదో తరగతిలో హిందీకే ఏడ్చిన మనిషి.

ఆ పిల్లకి ఇప్పుడు నాలుగున్నరేళ్ళు. చెల్లి పురుటికి అమ్మ బాలింతలకి పెట్టే కాయం దంచి సీసాకెత్తి, చీరలు సర్దుకుని కూర్చుంది. అప్పుడు కరోనా, విమానాలే లేవు. కాయం సీసా మా వంటింటి పైఅరలో రెండేళ్ళుంది. మనవరాల్ని అమ్మ ఫోన్లో తప్ప చూడలేదు. ఆ పిల్లకి తెలుగు సగం, ఫ్రెంచి సగం. అమ్మకి ఫ్రెంచి సున్నా. అయినా ఇద్దరూ అరగంట మాట్లాడుకుంటారు. పిల్ల అక్కడ ఒక్కో వేలూ తెరుస్తూ వాళ్ళ బడి భాషలో అంకెలు చెబుతుంది. అమ్మ ఇక్కడ ఒక్కో వేలూ తెరుస్తూ ఒకటి, రెండు, మూడు అంటుంది. పది దాకా వెళ్ళాక ఇద్దరూ ఫోను గాజుకి అరచెయ్యి ఆనిస్తారు. రోజూ ఇదే ఆట, రోజూ కొత్తగానే ఆడతారు.

జూన్‌లో చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఈ డిసెంబరుకి వచ్చీండే అందరూ. దీనికి బడి సెలవలు, నాకూ పది రోజులిస్తామన్నారు. బావని, పాపని, అమ్మని తీసుకుని వచ్చీ. అమ్మని మర్చిపోకే," అంది. ఆ చివరి ముక్క నవ్వుతూనే అంది.

ఇంట్లో పండగ మొదలైంది. మా ఆయన గొలుగొండ మండలాఫీసులో పని చేస్తారు. ఏ పనికైనా ముందు జాబితా రాస్తేగానీ ఆయనకి నిద్ర పట్టదు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, మొదటి పేజీలో 'చలి' అని పెద్దక్షరాలతో రాసి కింద గీత గీశారు. మైనస్ ఇరవై డిగ్రీలని ఫోన్లో చూసి, "మన ఫ్రిజ్‌లో ఐసు అర కన్నా చల్లనట," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. మా పాప ఎనిమిదో తరగతి. అది ఫోన్లో ఫ్రెంచి నేర్పే యాప్ ఏదో దించుకుంది. రోజూ సాయంత్రం మా డాబా మీద అమ్మమ్మకి క్లాసు. మూడో రోజుకల్లా అమ్మ పాలాయనకి "బోంజూర్" చెప్పింది. ఆయన, "ఏటమ్మా, పాలు పల్సగున్నాయా?" అన్నాడు. ఆ రోజంతా నవ్వుకున్నాం.

నాకు మాత్రం మా గవర్నమెంటు స్కూలు నుంచి విదేశం వెళ్ళడానికి పర్మిషన్ కాయితం కావాలి. దాని కోసం ఒక పక్క తిరుగుతూనే, ఇంకో పక్క వీసా ఫారాలు నింపించడానికి మా వీధి చివర నెట్ సెంటర్‌కి వెళ్ళాను. నేను సోషల్ టీచర్నే, పటంలో మాంట్రియల్ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపిస్తాను. కానీ ఫారం అనేసరికి నాకు చేతులాడవు. మా నర్సీపట్నంలో సగం మందివి ఆ నెట్ సెంటర్ ఆయనే నింపుతాడు. ఆధార్ సెంటర్ కూడా ఆయనదే. ఆయన మా నలుగురి పాస్‌పోర్టులూ వరసగా పేర్చి, అమ్మది తెరిచి ఫొటో చూసి ఆగాడు.

"మేడమ్, అమ్మగారి వేళ్ళు పడతాయా?"

మా ఊళ్ళ వాళ్ళకి ఈ ప్రశ్న విడమరిచి చెప్పక్కర్లేదు. మా అమ్మ ఇరవై ఆరేళ్ళు జీడిపిక్కలు కొట్టింది. కాల్చిన పిక్కని రాతి మీద పెట్టి, చెక్కసుత్తితో పగలగొట్టి, పప్పు విరక్కుండా తియ్యాలి. పెంకులో ఉండే జీడి రసం చేతికి అంటితే చర్మం కాలి ఊడిపోతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా కొంత ఆగుతుందంతే. నాన్న పోయాక మా ఇద్దరి చదువులూ ఆ పని మీదే నడిచాయి. నా బీఎడ్ అయ్యేదాకా, చెల్లి నర్సింగ్ అయ్యేదాకా. పని మానేసి ఏడేళ్ళయింది. చర్మం మళ్ళీ వచ్చింది, గీతలు రాలేదు. అమ్మ వేలి కొనలు చూస్తే నున్నగా, గోళీకాయల్లా మెరుస్తూ ఉంటాయి. రేషన్ డీలర్ దగ్గర మెషీన్ మీద వేలు పెడితే ఎర్ర లైటే. "కన్ను పెట్టు పిన్నీ," అంటాడు డీలరు. కన్ను మెషీన్‌కి చూపించి బియ్యం తెచ్చుకుంటుంది.

"ఆధార్‌కి ఎన్నిసార్లు తిప్పేనో మీకు గుర్తుంది కదా," అన్నాడు నెట్ సెంటర్ ఆయన. "ఈ వీసా వోళ్ళు హైదరాబాద్‌లో పది వేళ్ళూ తీసుకుంటారు మేడమ్. పరదేశం వోళ్ళు, ఊరుకుంటారేటి? పైగా నలుగురివీ ఒకే కుటుంబమని కలిపి పెడతాం. అమ్మగారిది కొట్టేసేరంటే మీవీ కొట్టేస్తారు. మరి మీ ఇష్టం."

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది అనిపించింది. బియ్యానికి వేలు, బ్యాంకుకి వేలు, సిమ్ కార్డుకి వేలు. మెషీన్ వద్దంటే, మనిషి ఎదురుగా నిలబడి నేనే అని మొత్తుకున్నా లేనట్టే లెక్క. పదేళ్ళుగా చూస్తున్నాం. రేషన్ షాపులోనే ఇలా ఉంటే కెనడా వాళ్ళ మెషీన్ ఇంకెలా ఉంటుంది? "అయితే మా ముగ్గురివే పెట్టండి," అన్నాను. ఆయన అమ్మ పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టాడు.

ఇంటికొచ్చి నిజం చెప్పలేదు. చలి అన్నాను. "అమ్మా, మైనస్ ఇరవైలో నీ మోకాళ్ళు తట్టుకోలేవు. ఈసారికి మేం వెళ్ళి చూసొస్తాం, వేసవికి నువ్వు వెళ్దువు గాని," అన్నాను.

అమ్మ కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి తలెత్తలేదు. "సలి గురించి నాకు సెప్పకే. లంబసింగిలో నీళ్ళు పేరుకున్న రోజుల్లో తెల్లారగట్ల సంతకెల్లి పిక్కలు మోసుకొచ్చేను. సెప్పుల్లేవు కాళ్ళకి. ఇంకేటైనా ఉంటే సెప్పు," అంది.

"డాక్టరు వద్దంటారమ్మా."

"ఏ డాక్టరు? అడిగేవా?"

"అబ్బా, ప్రతిదానికీ ప్రశ్నలేంటమ్మా?"

"అది పిలిసింది నన్ను. నాను ఎల్లాల. దాని పురిటికే ఎల్లలేకపోనాను."

అప్పుడు నోరు జారాను. "నీ వేళ్ళు పడవమ్మా! నీ వేళ్ళు పడకపోతే మా అందరిదీ పోతుంది. నీ ఒక్కదాని కోసం అందరం మానేసుకోవాలా?" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

అమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. తన చేతుల్ని తిప్పి చూసుకుంది. మెల్లగా, "పాస్‌పోర్టప్పుడు కూడా పడలేదే. ఐనా ఇచ్చేసేరు," అంది.

"అది మన దేశం. ఇది పరదేశం," అన్నాను నేను. నెట్ సెంటర్ ఆయన మాటే మళ్ళీ అన్నాను. అమ్మని పాస్‌పోర్టుకి విశాఖపట్నం తీసుకెళ్ళింది చెల్లి. అక్కడ ఏం జరిగిందో నాకు తెలీదు, అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇదంతా రాసి ఉపయోగం లేదు. అమ్మ పేరు తీసేసి నెట్ సెంటర్ మెట్లు దిగుతుంటే నాకు బాధ వేసింది, నిజమే. దాని వెనకాలే హాయిగా కూడా అనిపించింది. అమ్మతో ప్రయాణమంటే ఆవిడ మోకాళ్ళు, బీపీ మాత్రలు, విమానంలో బాత్రూం, నాలుగింటికే లేచి కాఫీ, కనబడ్డ ప్రతివాళ్ళతో మాటలు, అన్నీ నా నెత్తి మీదే. ఎయిర్‌పోర్టులో దిగగానే అమ్మా చెల్లీ పట్టుకుని ఏడుస్తారు, నేను పక్కన నిలబడి పెట్టెలు లెక్కపెట్టుకుంటాను. చిన్నప్పట్నుంచీ అంతే. చిన్నది, చిన్నది అంటూ అమ్మ కళ్ళెప్పుడూ దాని మీదే. జీవితంలో ఒక్కసారి నేనూ మా ఆయనా పాపా, ఏ బరువూ లేకుండా మంచులో నడవాలనుకున్నాను. వేళ్ళు పడవన్న మాట నాకు అవసరానికి దొరికింది. అందుకే ఇంకెవర్నీ అడగలేదు.

చెల్లికి ఫోన్లో చెప్పాను. "అమ్మ వేళ్ళు పడవటే, వీసా రాదట," అన్నాను. "సరే అక్కా, మీరైనా రండి," అంది. రోజూ ఏదో ఒక జాబితా పంపే మనిషి, లోపల వేసుకునే ఉన్ని బనీన్లనీ, బూట్ల సైజులనీ, ఇంగువ తెమ్మనీ, ఆ తర్వాత మూడు రోజులు ఏమీ పంపలేదు.

ఆగస్టు, సెప్టెంబరు అలా గడిచాయి. నా పర్మిషన్ కాయితం వచ్చింది. మా ఆయన నోట్‌బుక్ సగం నిండింది. ఇంట్లో మాత్రం ఏదో మారింది, నేను గమనించీ గమనించనట్టు ఉన్నాను. అమ్మ అంట్లు తోమేటప్పుడు చేతులకి పాలిథిన్ కవర్లు తొడుక్కుని మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకోవడం మొదలెట్టింది. చింతపండు పిక్క తియ్యడం మానేసింది. కొబ్బరి నూనె సీసా వారానికొకటి అయిపోతోంది. ఒకరోజు పెందలాడే పడుకున్నప్పుడు చూస్తే, చేతులకి పాప పాత స్కూలు సాక్సులు తొడుక్కుని ఉంది.

"ఏటమ్మా, ఈ కొత్త సోకు?" అన్నాను.

"సేతులు మండుతున్నాయే," అంది.

పాప కిసుక్కుమంది. అంతలోనే తల దించుకుని పుస్తకంలోకి చూసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలా అనుకున్నాను. తీసుకెళ్ళలేదు.

సెప్టెంబరు చివర్లో ముగ్గురం తునిలో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాం. వీసా సెంటర్‌లో టోకెన్ తీసుకుని కూర్చున్నాం. నా ముందు ఒక పెద్దాయన. పక్కన కూతురు కాబోలు, చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. తాపీ మేస్త్రీగా పనిచేసి మానేశానని నాతో మాటల్లో చెప్పారు. ఆయన వంతు వచ్చింది. గాజు పలక మీద నాలుగు వేళ్ళు పెట్టారు. పడలేదు. లోపల కూర్చున్న అమ్మాయి ఒక తడి కాయితంతో వేళ్ళు తుడిచి మళ్ళీ పెట్టించింది. పడలేదు. పాపం, ఈయన గతేమిటనుకున్నాను. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో ఏదో నొక్కి, "అయిపోయిందండీ. ఇటు చూడండి, ఫొటో తీస్తాను," అంది.

నేను కుర్చీలో కూర్చుంటూ అడిగాను. "ఆయన వేళ్ళు పడలేదు కదండీ?"

"పడినంతవరకే తీసుకుంటామండీ. పెద్దవాళ్ళవి, పనులు చేసినవాళ్ళవి పడవు. రోజూ వస్తారు. రాసి పంపేస్తాం," అంది ఆ అమ్మాయి.

"వీసా ఆపరా?"

"వేళ్ళ కోసం ఎందుకాపుతారండీ?"

నా చెయ్యి గాజు మీద ఉంది. "మేడమ్, కొంచెం వదులుగా పెట్టండి," అంది. నా వేళ్ళు పదికి పదీ పడ్డాయి. ఇరవై ఆరేళ్ళు జీడి రసంలో నానినవి కావు కదా అవి. చాక్‌పీసు పట్టుకున్న వేళ్ళు.

తిరుగు రైల్లో మా ఆయనకి చెప్పాను. "అత్తయ్య పాస్‌పోర్టప్పుడు కూడా పడలేదని చెప్పింది నీకు," అన్నారు. ఆ మాట ఆయన వరండాలోంచి విన్నారట. నాకెవరో తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళగానే చెప్పేస్తాను, కాళ్ళు పట్టుకుంటాను అనుకున్నాను. తుని నుంచి ఇంటికి వస్తున్న దారంతా అవే మాటలు కూర్చుకున్నాను.

మేం ఇల్లు చేరేసరికి ఒకటో తారీకు. అమ్మ ఇంట్లో లేదు. ఆవిడ రేషన్ కార్డు ఇప్పటికీ నాతవరం దగ్గర మా పాత ఊళ్ళోనే ఉంది. ఇక్కడికి మార్పిస్తానంటే ఒప్పుకోదు. ప్రతి నెలా ఒకటో తారీకున షేర్ ఆటో ఎక్కి వెళ్ళి, బియ్యం సంచీ ఒళ్ళో పెట్టుకుని వస్తుంది. పన్నెండింటికి గేటు దగ్గర ఆటో ఆగింది. అమ్మ దిగకుండానే కేక వేసింది.

"ఏమే! పడిందే! ఏలు పడిందే!"

నాకు అర్థం కాలేదు. పాప మాత్రం, "నిజమా అమ్మమ్మా!" అని అరుస్తూ చెప్పుల్లేకుండా గేటు దగ్గరికి పరుగెత్తింది. అమ్మ బియ్యం సంచీ ఆటోలోనే వదిలేసి, కుడిచెయ్యి బొటనవేలు పైకెత్తి పట్టుకుని వచ్చింది.

"డీలరు కన్ను పెట్టమన్నాడు. ఉండ్రా నాయనా, ఏలు సూడు ముందు అన్నాను. రెండు మాట్లు ఎర్రగొచ్చింది. మూడో మాటు పచ్చ లైటే! అక్కడున్నోళ్ళందరూ సూసేరు. ఓలమ్మ, నాకు కాళ్ళు నిలవలేదే. మూడు నెలలు! నూనె రాసి, సాక్సులేసి, కవర్లేసుకోకుండా ఏ పనీ ముట్టుకోలేదు. దీన్నే అడుగు, ఇదే రాసింది రోజూ." పాపని దగ్గరికి లాక్కుంది. "ఒకేలు పడింది కదా, ఇంకో నెలకి మిగతావీ పడతాయి. ఇప్పుడైనా నా పేరు రాయిస్తావా?"

ఆ మొహంలో వెలుగు చూశాను. దారంతా కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేశాను.

"రాయిస్తానమ్మా," అన్నాను.

వంటింట్లోకి వచ్చి మా ఆయన గొంతు తగ్గించి, "చెప్పెయ్యి. ఇప్పుడే చెప్పెయ్యి," అన్నారు.

"అంత సంతోషంగా ఉంది. ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తాం?" అన్నాను. అమ్మ సంతోషం కోసమే ఊరుకున్నానని ఆయనతో అన్నాను. అదీ కొంత నిజమే. ఎక్కువ నిజం ఏమిటంటే నాకు భయం. మూడు నెలలు ఆ మనిషి చేతులకి సాక్సులు తొడుక్కుని పడుకుందంటే దానికి కారణం నేను. ఆ సంగతి ఆవిడకి తెలియకుండా గడిచిపోతే చాలనుకున్నాను.

ఆ మర్నాడే నెట్ సెంటర్‌కి వెళ్ళి అమ్మ ఫారం పెట్టించాను. వేళ్ళు పడకపోయినా పరవాలేదట అని చెబితే ఆయన, "అవునా మేడమ్! నాకూ తెలీదండీ. మనకాడ మెషీన్లు చూసి చెప్పేనండీ," అన్నాడు. ఆయన మీద కోప్పడదామనుకున్నాను. ఆయన తెలిసినంత చెప్పాడు, తెలుసుకోవాల్సింది నేను. కోపం కూడా రాలేదు నాకు, మొదటిసారి.

చెల్లికి ఫోన్ చేసి, "అమ్మది కూడా పెట్టాం," అంటే అది ఫోన్లోనే భోరుమంది. ఆ సాయంత్రమే పొడుగాటి జాబితా వచ్చింది. అందులో మొదటిది, 'అమ్మ కాలు కొలత పంపు, బూట్లు కొంటాను.'

అక్టోబరులో మా ముగ్గురికీ వీసాలు వచ్చాయి. ఎవరం సంబరపడలేదు. మా ఆయన, "నలుగురివీ ఉంటేనే టిక్కెట్లు," అని నోట్‌బుక్ మూసేశారు. అమ్మకి హైదరాబాద్ రమ్మని కబురు నవంబరులో వచ్చింది. ఈసారి నేనూ అమ్మా ఇద్దరమే బయల్దేరాం. రైల్లో అమ్మ దేన్నీ ముట్టుకోలేదు. రెండు చేతులూ కొత్త చేతిరుమాళ్ళలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. బత్తాయి నేనే ఒలిచి నోట్లో పెట్టాను. ఎదురు సీటావిడ, "చేతులు కాలేయామ్మా?" అని అడిగింది. "లేదమ్మా, మా మనవరాలి దగ్గరికి ఎల్తున్నాను," అంది అమ్మ. అదేదో సమాధానం అయినట్టు ఆవిడ తలూపింది.

దారిలో చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆ చేతిరుమాళ్ళు చూసి మూసేశాను.

వీసా సెంటర్‌లో ఈసారి వేరే అమ్మాయి ఉంది. ముసలావిడని చూసి నన్ను కూడా లోపలికి రానిచ్చింది. అమ్మ రుమాళ్ళు విప్పి, మడతపెట్టి నాకిచ్చి, గాజు పలకకి దణ్ణం పెట్టి నాలుగు వేళ్ళూ ఆనించింది. పడలేదు. ఎడమచెయ్యి పడలేదు. రెండు బొటనవేళ్ళూ కలిపి పెట్టింది. కుడిది మసగ్గా వచ్చింది, ఎడమది రాలేదు. అమ్మ మొహం చిన్నబోయింది.

"ఇంకొక్కమాటు సూడమ్మా," అంది ఆ అమ్మాయితో. "మొన్న డీలరు కాడ పడింది. ఒట్టు. పచ్చ లైటొచ్చింది. కావాలంటే ఫోన్ సేసి అడుగు." చీర కొంగుతో వేళ్ళు గట్టిగా రుద్దుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ రుద్దింది. "రైల్లో ఏసీకి బిగుసుకుపోనాయి. ఒక్క నిమిషం ఆగు తల్లీ, ఏడి సేస్తాను." నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది.

"అమ్మా, అక్కర్లేదమ్మా. అయిపోయింది," అంది ఆ అమ్మాయి.

"అయిపోడమేటి? పడలేదు కదా!"

"పడకపోయినా పరవాలేదమ్మా. రాసేశాను. ఫొటో తీస్తాను, ఇటు చూడండి."

అమ్మ కెమెరా వైపు చూడలేదు. "పరవాలేదా?" అంది. "కొత్తగా పెట్టేరా ఈ రూలు?"

"లేదమ్మా, ముందునుంచీ ఇంతే."

అప్పుడు నా వైపు చూసింది. ఆ అమ్మాయి రెండోసారి పిలిస్తేగానీ కెమెరా వైపు తిరగలేదు. ఆ ఫొటోలో అమ్మ ఎలా ఉందో నేను చూడలేదు, చూడాలని కూడా లేదు.

బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. ఆటో కోసం చెయ్యెత్తబోతుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"నీకు తెల్సా?"

"ముందు తెలీదమ్మా. మేం వచ్చినప్పుడు తెలిసింది."

"అంటే ఏలు పడిందని నాను వచ్చి సెప్పినప్పుడు నీకు తెల్సు."

"తెలుసు."

"మరి ముందు, నా ఏళ్ళు పడవని అన్నావు కదా, అప్పుడు? ఎవుర్నైనా అడిగేవా?"

"లేదమ్మా. అడగలేదు."

అమ్మ ఆటో కోసం తనే చెయ్యెత్తింది. తిట్టి ఉంటే బాగుండేది. నలుగురూ చూస్తుండగా చెంప మీద ఒకటిచ్చినా బాగుండేది. తిరుగు రైల్లో బత్తాయి ఒలుస్తుంటే నా చేతిలోంచి తీసుకుని తనే ఒలుచుకుంది. నాకూ సగం ఇచ్చింది.

ఇల్లు చేరాక నేను స్నానం చేసి వచ్చేసరికి పెరట్లో నీళ్ళ చప్పుడు. అమ్మ కుళాయి దగ్గర కూర్చుని, మేం లేని రెండు రోజుల అంట్లూ ముందేసుకుని తోముతోంది. చేతులకి కవర్లు లేవు. ఇనప పీచుతో, సబ్బుపొడితో, మూకుడు మాడంతా పోయేలా గట్టిగా రుద్దుతోంది. పాప గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, వేళ్ళు, వేళ్ళు," అంటోంది.

"ఏళ్ళతో పనైపోనాదమ్మా," అంది అమ్మ పాపతో, మామూలుగానే.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అమ్మా, నన్ను తిట్టు. నేనే, కావాలనే అడగలేదేమో. నువ్వు రాకపోతే తేలిగ్గా ఉంటుందనుకున్నానమ్మా," అన్నాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట అంట్ల ముందు చెప్పేశాను. ఏడుపు ఆగలేదు.

అమ్మ మూకుడు కడిగి బోర్లించింది. ఇంకోటి తీసుకుంది.

"నిన్ను తిట్టి ఏటి సేస్తానే," అంది. "నువ్వు సెప్పేవు, నాను నమ్మేసేను. సదూకున్నదానివి కదా. అడిగే సెప్తున్నావనుకున్నాను."

వీసా ఇంకా రాలేదు. డిసెంబరు సగం అయిపోయింది. నా సెలవు మార్చుకోవడానికి మళ్ళీ అర్జీ పెట్టుకున్నాను. అక్కడ చలికాలం మార్చి దాకా ఉంటుందని చెల్లి చెబుతోంది, అమ్మకి బూట్లు కొనేసింది కూడా. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి అక్కడ తెల్లవారుతుంది కాబట్టి బడికి వెళ్ళే ముందు పిల్ల ఫోన్ చేస్తుంది. ఒక్కో వేలూ తెరుస్తుంది. అమ్మ కూడా తెరుస్తుంది. పది అయ్యాక ఇద్దరూ గాజుకి అరచెయ్యి ఆనిస్తారు. నేను ఫోను పట్టుకుని నిలబడతాను, అమ్మ వేళ్ళు నాకు బాగా దగ్గర్లో ఉంటాయి.